పిల్లలు 'మానేసిన' భాష: గాపున్ ఊరి తాయప్ కేసు

పాపువా న్యూ గినీ దేశంలోని గాపున్ అనే ఊళ్ళో పసిపిల్లలు మొట్టమొదట పలికే మాట ఏదని అడిగితే తల్లులు 'ఒకి' అని చెప్తారు. మన పిల్లల్లా 'అత్త', 'తాత' కాదు. 'ఒకి' అంటే 'నే పోతున్నా' అని. దాని వెనకే ఇంకో రెండు మాటలు వస్తాయి: 'మిన్డా', 'ఐయాటా'. విసుగొచ్చింది అని ఒకటి, ఇక ఆపు అని ఇంకొకటి. నెలల బిడ్డ నిజంగా ఈ మాటలంటుందా? అనదు. ఏవో రెండు చప్పుళ్ళు చేస్తుంది, అందులోంచి తల్లి తనకు తోచింది వింటుంది. మన దగ్గర బిడ్డ 'త్తా' అనగానే మేనత్తకి కబురు వెళ్ళిపోదూ, అలాంటిదే. కాకపోతే గాపున్ వాళ్ళ లెక్కలో మనిషి పుట్టుకతోనే మొండి, కోపిష్టి, ఎవరి మాటా వినని రకం. అందుకని బిడ్డ మొదటి మాట కూడా అలిగి వెళ్ళిపోయే మాటే అయింది.

ఆ మూడూ ఆ ఊరి సొంత భాష తాయప్‌లోని మాటలే. అదే బిడ్డకి మూడేళ్ళు వచ్చేసరికి నోట్లో తాయప్ ఉండదు, బయటినుంచి వచ్చిన టోక్ పిసిన్ అనే భాష ఉంటుంది. మధ్యలో ఆ ఇంట్లో ఏం జరిగిందన్నదే ఈ కేసు.

నా పని చిన్న భాషల్ని రికార్డు చేయడం, రాసిపెట్టడం, బడి వాచకాలకి మాటలు ఏరి ఇవ్వడం. తిరిగేది సాలూరు వైపు గదబ గిరిజనుల ఊళ్ళల్లో. గాపున్ వెళ్ళినవాణ్ణి కాను. అయినా ఈ రంగంలోకి కొత్తగా వచ్చే పిల్లలకి పని నేర్పేటప్పుడు నేను ముందు చెప్పేది తాయప్ గురించే. ఎందుకంటే ఒక భాష ఇంట్లోంచి జారిపోవడాన్ని పాతికేళ్ళ పైచిలుకు ఒకే మనిషి, ఒకే ఊళ్ళో, టేపు రికార్డరు పెట్టి చూసిన కేసులు ప్రపంచం మొత్తమ్మీద వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ మనిషి డాన్ కులిక్, మానవశాస్త్రవేత్త. 1980ల నడుమ మొదటిసారి ఆ ఊరు చేరాడు. 2019లో ఏంజెలా టెరిల్‌తో కలిసి తాయప్ వ్యాకరణం, నిఘంటువు అచ్చు వేయించాడు.

ఊరు, మాట, లెక్కలు

పాపువా న్యూ గినీలో తూర్పు సెపిక్ రాష్ట్రం. సెపిక్, రాము అనే రెండు పెద్ద నదులు సముద్రంలో కలిసేచోట, ఆ రెంటి మధ్య చిత్తడి అడవిలో ఉంటుంది గాపున్. మడ అడవుల్లో పడవ ప్రయాణం, ఆపైన బురదలో నడక. రోడ్డు లేదు, కరెంటు లేదు, దోమలకి మాత్రం కొదవ లేదు. తిండి సాగో. మన సామర్లకోట వైపు ఆడే సగ్గుబియ్యం కర్రపెండలం నుంచి తీసినవి. అక్కడిది అసలు సాగో: చెట్టు కొట్టి, బోదె చీల్చి, లోపలి గుజ్జు దంచి, నీళ్ళతో పిండి కడిగి, ఆ పిండి మీద సలసల కాగే నీళ్ళు పోసి జిగురు ముద్దలా చేసుకు తింటారు.

దాదాపు ఆరు వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి సెపిక్, రాము పల్లపు భూముల్లోకి చాలా దూరం చొచ్చుకొచ్చి ఉండేది. గాపున్ దగ్గరి మెరక అప్పట్లో దీవి. తాయప్ చుట్టుపక్కల ఏ భాషా కుటుంబంలోనూ ఇమడకుండా ఒంటరిగా మిగలడానికి ఆ పాత దీవి బతుకు కారణం అయి ఉండొచ్చని ఒక ఊహ. 'పాపువన్ భాషలు' అంటే అదేదో ద్రావిడ భాషల్లాంటి కుటుంబం అనుకుంటారు మనవాళ్ళు. కాదు. ఆ దీవుల్లో ఆస్ట్రొనేషియన్ అనే కుటుంబానికి చెందనివాటన్నిటికీ తగిలించిన ఉమ్మడి పేరది. అందులో పదుల కొద్దీ కుటుంబాలున్నాయి, తాయప్ లాంటి ఏకాకులూ ఉన్నాయి. ఆ ఒక్క దేశంలోనే ఎనిమిది వందల పైచిలుకు భాషలు.

1937లో గెయోర్గ్ హోల్ట్కర్ అనే జర్మన్ మిషనరీ ఆ ఊళ్ళో కాసేపు ఆగి, కొన్ని ఫొటోలు తీసి, వందకి కాస్త పైగా మాటలు రాసుకుపోయాడు. తర్వాత అర్ధశతాబ్దం పాటు ఎవరూ అక్కడ కుదురుగా కూర్చోలేదు. 1987 నాటికి ఊరి జనం నూటపది దాకా ఉంటే అందులో తాయప్ మాట్లాడేవాళ్ళు 89 మంది. పదేళ్ళ లోపు పిల్లల్లో ఒక్కరు కూడా ఆ భాషలో బదులివ్వరు. ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత ఊరు రెండువందలకి పెరిగింది, మాట్లాడేవాళ్ళు యాభైకి తగ్గారు. (మన జనగణన పదివేల లోపు వాళ్ళ భాషకి పేరు కూడా వేయదు. ఆ లెక్కన తాయప్ 'ఇతరములు' గడిలో ఎప్పుడో కలిసిపోయేది.)

ఇక్కడ కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు: 'ఎనభై తొమ్మిది మందే కదా, అందుకే పోయింది' అనుకోవడం. తాయప్ ఎప్పుడూ చిన్నదే. ఊహకి అందినంత కాలం వెనక్కి వెళ్ళినా అది ఒక్క ఊరి భాషే. చుట్టూ కోపార్, అజోరా భాషల వాళ్ళున్నారు. వాళ్ళెవరూ తాయప్ నేర్చుకోలేదు, గాపున్ వాళ్ళే వాళ్ళవి నేర్చుకున్నారు. పాతకాలపు మగవాళ్ళు రెండు మూడు పొరుగు భాషల్లో బేరాలు, చుట్టరికాలు నడిపారు. అయినా ఇంటికొస్తే తాయప్పే. పొరుగు భాష రావడం వల్ల సొంత భాష పోతుందనుకుంటే తాయప్ ఎన్నో వందల ఏళ్ళ కిందటే పోవాలి.

టోక్ పిసిన్ గుమ్మం దాటిన తీరు

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఊరి మగవాళ్ళు ఇద్దరు కొబ్బరి తోటల్లో కూలికి ఒప్పందం మీద వెళ్ళారు. తిరిగొస్తూ ఇనుప కత్తులు, గుడ్డలు, వాటితో పాటు ఒక కొత్త మాట పట్టుకొచ్చారు. అదే టోక్ పిసిన్, ఇంగ్లీషు మాటలకి మెలనీషియా దీవుల భాషల వ్యాకరణం తొడిగిన భాష. పాపువా న్యూ గినీలో ఇప్పుడది అధికార భాషల్లో ఒకటి. అప్పట్లో ఊళ్ళోవాళ్ళకి అది తెల్లవాళ్ళ సొంత భాషలాగే తోచింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1950లలో పెళ్ళికాని కుర్రాళ్ళు గుంపులుగా తోటల బాట పట్టారు. అదే రోజుల్లో కాథలిక్ మిషన్ వచ్చింది. ప్రార్థనలన్నీ టోక్ పిసిన్‌లోనే.

ఇంతవరకూ మామూలు కథే. మన మన్యంలో అస్సాం టీ తోటలకి వెళ్ళొచ్చినవాళ్ళ కథా ఇంచుమించు ఇదే. మగవాళ్ళకి అది రావడం ఒక్కటే అయితే ఏమీ అయ్యేది కాదు. కోపార్ వచ్చినట్టే ఇదీ వచ్చేది, పక్కనుండేది. మలుపు తిరిగింది ఆడవాళ్ళకి వచ్చాకే. పిల్లల్ని ఎత్తుకుని తిరిగేది వాళ్ళు కదా.

ఇక్కడ రెండు మాటలు తెలుసుకుంటే తప్ప కేసు అర్థం కాదు. రెండూ టోక్ పిసిన్ మాటలే: 'హెడ్', 'సావే'. హెడ్ అంటే తల. మొండితనం, నా ఇష్టం నాది అనే గుణం. సావే అంటే తెలివి, నలుగురితో సర్దుకుపోయే పెద్దరికం. ప్రతి మనిషిలోనూ రెండూ ఉంటాయని వాళ్ళ నమ్మకం. అయితే కాలం గడిచేకొద్దీ ఒక్కో దాని పక్కన కొన్ని కొన్ని వచ్చి చేరాయి. హెడ్ వైపు ఆడవాళ్ళు, పసిపిల్లలు, పూర్వికులు, తాయప్. సావే వైపు మగవాళ్ళు, చర్చి, డబ్బు, తెల్లవాళ్ళు, టోక్ పిసిన్. ఎవరూ పంచాయితీ పెట్టి తీర్మానించలేదు, దానంతటదే అలా సర్దుకుంది.

దీనికి ఉదాహరణగా 'క్రోస్' అనే తిట్ల వరస ఒక్కటి చాలు. ఎవరి పందో తోటలో పడిందనుకోండి, అప్పిచ్చిన గిన్నె తిరిగి రాలేదనుకోండి, గాపున్ ఆడమనిషి తన ఇంట్లోనే కూర్చుని ఊరంతా వినేలా తిట్లు లంకించుకుంటుంది. ఒక్కోసారి ముప్పావుగంట దాకా. పచ్చి బూతులు, వరస కట్టి, తడుముకోకుండా. అవతలివాళ్ళు ఎదురు చెప్పకపోవడమే మర్యాద. ఈ క్రోస్‌కి భాష తాయప్. మగవాళ్ళు మాత్రం 'మేం అలా అరవం, మగవాళ్ళంతా కూడే ఉమ్మడి ఇంట్లో కూర్చుని మెల్లగా మాట్లాడుకుంటాం' అంటారు. అక్కడ టోక్ పిసిన్. పిల్లల చెవికి ఇవన్నీ పడుతూనే ఉంటాయి. ఏ భాష దేనికో ఎవరూ విడిగా నేర్పక్కర్లేదు.

మన ఊళ్ళల్లో వీధిన పడి తిట్టుకునే ఆడవాళ్ళ భాషని రికార్డు చేసినవాళ్ళు మనలో ఎందరు? నేనైతే చెయ్యలేదు. జానపద గీతాలు కావాలని అడిగి, ఎదురింటి తగువు మొదలవగానే మర్యాదకి రికార్డరు ఆపేసినవాణ్ణి. తాయప్ వ్యాకరణంలో తిట్లకి కూడా చోటుంది. అది చూశాక సిగ్గేసింది.

మూడేళ్ళలో ఏమైందంటే

ఇప్పుడు అసలు సంగతి. పసిబిడ్డతో తల్లి ఎక్కువగా మాట్లాడదు, బిడ్డ అర్థం చేసుకోదు అని వాళ్ళ నమ్మకం. బిడ్డ నడక మొదలెట్టాక పనులు పురమాయించడం మొదలవుతుంది. మచ్చుకి ఇలా ఊహించుకోండి. తల్లి పొయ్యి దగ్గర కూర్చుంది, కత్తి కావాలి. పిల్లాడితో తాయప్‌లో 'కత్తి ఇలా తే' అంటుంది. వాడు కదలడు. మళ్ళీ తాయప్‌లోనే, కాస్త గట్టిగా. కదలడు. మూడోసారి అదే మాట టోక్ పిసిన్‌లో. వాడు లేచి తెస్తాడు.

రోజుకి ఎన్నిసార్లు జరుగుతుంది ఇది? పిల్లాడి వైపు నుంచి చూడండి. తాయప్‌లో చెప్పింది పట్టించుకోకపోయినా కొంప మునగదు. కొంచెం ఆగితే అదే సంగతి టోక్ పిసిన్‌లో వస్తుంది, దానికి మాత్రం లేవాలి. వాడు తాయప్ అర్థం చేసుకోవడం నేర్చుకుంటాడు, దానికి బదులివ్వడం నేర్చుకోడు. పసివాడికి టోక్ పిసిన్ తేలికని తల్లి నమ్మకం. సావే త్వరగా రావాలన్న ఆశ కూడా అందులో ఉంది. కానీ ఆవిడ ఏ పూటా 'ఇక నా బిడ్డతో తాయప్ మాట్లాడను' అనుకోలేదు. పైగా తను తాయప్పే మాట్లాడుతున్నానని ఆవిడ గట్టి నమ్మకం. సగం మాటలు తాయపే కాబట్టి అది అబద్ధమూ కాదు.

మరి పిల్లలకి ఎందుకు రాలేదంటే? ఊళ్ళో అందరిదీ ఒకటే జవాబు: పిల్లలే మానేశారు. వాళ్ళ హెడ్ పెద్దది, మొండి వెధవలు, చెప్పిన మాట వినరు. భాష పోతున్నందుకు పెద్దవాళ్ళకి బాధ ఉంది. నెపం మాత్రం రెండేళ్ళ పసివాడి మీద పడింది.

నేను ఈ కేసు మొదటిసారి చదివినప్పుడు ఇదేదో దూరదేశపు వింత అనుకున్నాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

కేసు రాసేటప్పుడు 'ఇది కాదు' అన్నవి కూడా రాయాలి. బడి వల్లా? పక్కనున్న వోంగాన్ ఊరి బడిలో పాఠాలు ఇంగ్లీషులో. పోయింది ఇంగ్లీషులోకి కాదు కదా. వలసా? బయటివాళ్ళెవరూ వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడలేదు. ఫ్యాక్టరీ, గని, రోడ్డు? ఏదీ లేదు. ప్రభుత్వం నిషేధించిందా? లేదు. 1990లలో ఆ దేశం నాలుగువందల పైచిలుకు స్థానిక భాషల్లో చిన్న తరగతులు నడపడానికి పూనుకుంది, 2013లో మళ్ళీ ఇంగ్లీషుకి మళ్ళింది. తాయప్‌కి సంబంధించి ఈ రెండూ ఆలస్యంగా వచ్చిన కబుర్లే. ఇంట్లో కథ అప్పటికే ముగిసింది.

కేసులో ఒక ఖాళీ కూడా ఉంది. 1991లో కులిక్ ఊళ్ళో ఉండగా రాత్రిపూట దోపిడీ దొంగలు తుపాకులతో వచ్చారు. ఊరివాడొకతన్ని కాల్చి చంపారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు కులిక్ అటు వెళ్ళలేదు. అంటే పిల్లలు యువకులయిన కాలం రికార్డుల్లో లేదు.

గొంతు తగ్గించి చెప్పిన కథలు

2009లో మళ్ళీ నెలల తరబడి ఉన్నప్పుడు బయటపడ్డ సంగతి నాకు ఈ కేసు మొత్తంలో ఎక్కువ విలువైనది. ముప్పై లోపు కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఊళ్ళో తాయప్ మాట్లాడరు. వాళ్ళకి రాదని పెద్దలంటారు, మాకు రాదని వాళ్ళూ అంటారు. అయినా కులిక్ ఒక్కొక్కర్నీ పెద్దల చెవిన పడకుండా కూర్చోబెట్టి, తాయప్‌లో ఏదైనా కథ చెప్పమన్నాడు. వేటకెళ్ళిన కథ, పంది తరిమిన కథ, ఏదైనా సరే. చాలామంది చెప్పారు. కొందరు తడబడుతూ, కొందరు దాదాపు సాఫీగా. తోడుగా ఒక స్నేహితుణ్ణి పక్కన పెట్టుకుని, గొంతు తగ్గించి.

అంటే వాళ్ళకి భాష లోపల ఉంది, బయటికి రాదు. ఎందుకు రాదంటే, నోరు తెరిస్తే పెద్దవాళ్ళు తప్పులు పట్టి నవ్వుతారు. తాయప్ క్రియ సామాన్యమైంది కాదు. ఎవరు, ఎవరిని, ఎలా, ఎటు అన్నదంతా ఒకే పదంలో బిగించాలి. 'ఆవిడ వాణ్ణి భుజాన వేసుకుని మోసుకెళ్ళాలనుకుంటోంది' అన్న వాక్యమంతా తాయప్‌లో ఒక్క క్రియాపదం. లింగం సంగతి ఇంకా తమాషా: పొడుగ్గా సన్నగా ఉన్నవి పుంలింగం వైపు, పొట్టిగా గుండ్రంగా ఉన్నవి స్త్రీలింగం వైపు మొగ్గుతాయి. ఏ గుర్తూ లేని మామూలు రూపం స్త్రీలింగానిది. (తెలుగులో 'వాడు' కానిదంతా 'అది' అయిపోయిన సంగతి గుర్తుచేసుకుంటే మనకిది మరీ కొత్తగా అనిపించదు.) కుర్రవాళ్ళ కథల్లో ముందు వదులైపోయింది ఈ క్రియలే. పెద్ద ముడులు విడగొట్టి చిన్న చిన్న క్రియలతో నడిపించారు, కొన్నిచోట్ల టోక్ పిసిన్ మాటకి తాయప్ తోక తగిలించారు. పెద్దల చెవికి అది చెడిపోయిన భాష. నాకు మాత్రం వీళ్ళే ఆఖరి అవకాశంలా కనిపిస్తారు. తొంభై శాతం వచ్చినవాణ్ణి పది శాతం తప్పుకి నోరు మూయించడమే తాయప్‌కి పడ్డ రెండో దెబ్బ.

చికిత్స అంటూ ఏదీ జరగలేదు. ఊరివాళ్ళు అడగలేదు, అడగనిది ఎవరూ రుద్దలేదు. వ్యాకరణం వచ్చింది, నిఘంటువు వచ్చింది, కథలు అక్షరాల్లోకి ఎక్కాయి. బతికించే ప్రయత్నం చెయ్యలేదని కొందరు తప్పుపడతారు. నేను పట్టను. తిండి, మందు, పంట అమ్ముకునే దారి కావాలని అడిగే ఊరికి భాషాపునరుద్ధరణ పథకం పట్టుకెళ్ళడం ఎలా ఉంటుందో నాకు కొంత తెలుసు.

సాలూరు వైపు

మేం ఊళ్ళకి పట్టుకెళ్ళే సర్వే ఫారంలో పాత ప్రశ్నలు ఇలా ఉండేవి: మీ మాతృభాష ఏది? ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? మీ భాష పిల్లలకి రావాలని కోరుకుంటున్నారా? తాయప్ కేసు తర్వాత ఈ ఫారం పెట్టి గాపున్ వెళ్తే ఏమొస్తుందా అని ఆలోచించాను. మూడు ప్రశ్నలకీ తాయప్, తాయప్, అవును. భాష నిక్షేపంగా ఉందని రాసుకుని వచ్చేస్తాం.

సాలూరు వైపు ఒక గదబ ఊళ్ళో ఒక ముసలమ్మని మనవడి గురించి అడిగాను. "ఆడికి మా బాస రాదు బాబూ. మేం సెప్పకేటి, ఆడే నేర్సుకోనేదు" అంది. రాసుకున్నాను. ఐదు నిమిషాలు కాలేదు, గదబలో ఏదో కేకేసింది. మనవడు గోళీలాట వదల్లేదు. "ఒరే గుంటడా, కూడు సల్లారిపోతంది, రారా" అంది తెలుగులో. వాడు లేచొచ్చాడు. నేను కలం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఇప్పుడు ఫారంలో ఆ మూడు ప్రశ్నలతో పాటు ఇంకోటి ఉంది: పొద్దున లేచిన దగ్గర్నుంచి పిల్లాడికి మీరు ఏమేం చెప్పారు, ఏ మాటల్లో చెప్పారు? జవాబు చెప్పడం ఎవరికీ చేతకాదు. అందుకని ఒక పూటంతా ఆ ఇంటి అరుగు మీద కూర్చుని లెక్కపెట్టుకుంటాం. ఏ భాషలో పిలిచారు, మళ్ళీ ఎందులో పిలిచారు, దేనికి లేచాడు. నలభై ఇళ్ళు తిరిగే వేళలో నాలుగిళ్ళే అవుతాయి. నిధులిచ్చేవాళ్ళకి ఇది నచ్చదు.

కుర్రవాళ్ళ కథల పద్ధతి కూడా పెట్టి చూశాను, ఒక పొరపాటు చేశాను. అదే ముసలమ్మ పెద్ద మనవడు, పంతొమ్మిదేళ్ళవాడు, తనకి గదబ రాదన్నాడు. వాళ్ళ నానమ్మ సంతకి వెళ్ళిన రోజు చూసి, ఇంటి వెనక చింతచెట్టు కింద ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఎలుగ్గొడ్డు కనపడితే సైకిలు పారేసి పరుగెత్తిన కథ చెప్పాడు. నాలుగు నిమిషాలు. క్రియల దగ్గర మూడు నాలుగు చోట్ల తెలుగులోకి జారాడు గానీ మిగతాదంతా గదబే. సంతోషం పట్టలేక సాయంత్రం నానమ్మకి వినిపించాను, అతను పక్కనుండగానే. ఆవిడ పొట్ట పట్టుకు నవ్వింది, ప్రేమగానే. ఒక మాట పట్టుకుని ఎలా అనాలో రెండుసార్లు అని చూపించింది. అతను కూడా నవ్వాడు. కులిక్ గాపున్ కుర్రవాళ్ళని పెద్దల చెవికి దూరంగా ఎందుకు కూర్చోబెట్టాడో చదివి, పదిమందికి పాఠం చెప్పినవాణ్ణి నేను.

ఆ తర్వాత రెండుసార్లు రమ్మంటే పనుందన్నాడు. సంతలో కనిపిస్తే ఆగి పలకరిస్తాడు, టీ తాగుదాం రండి సార్ అంటాడు, తెలుగులో.